కడ్డీ కొడుతోంది

నీళ్ళ మామ్మ మాట ఎవరూ నమ్మలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకు ఈత నేర్పుతున్న మనిషి వచ్చి "నిచ్చెన కడ్డీ పట్టుకుంటే కరెంటు కొడుతోంది" అంటే, ముందు నవ్వారు, తరవాత జాలిపడ్డారు, ఆ పైన వయసు లెక్కగట్టారు. నవ్వినప్పుడు ఆమె కూడా నవ్వింది. జాలిని ఓర్చుకుంది. వయసు లెక్కలోకి దిగేసరికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినంత మాత్రాన తన చెయ్యి తనది కాకుండా పోతుందా?

అది మనిషిని పడదోసే షాక్ కాదు. నీళ్ళలోంచి పైకి వచ్చి, తడికాళ్ళతో గట్టు మీద నిలబడి, స్టీలు నిచ్చెన కడ్డీ మీద చెయ్యి వేస్తే చాలు, అరచేతిలో మొదలై మోచేతి దాకా జివ్వుమనేది. చెయ్యి తీస్తే పోయేది. పొద్దున్నే ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఒక్కోరోజు అసలు ఉండేదే కాదు, ఆ రోజు ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చేది.

పిల్లలకు ఈ సంగతి ఆమె కన్నా ముందే తెలుసు. తెలిసినా పెద్దవాళ్ళకు చెప్పలేదు, చెబితే ఆట పోతుందని. నిచ్చెన దగ్గర వరసగా నిలబడి, ఒక్కొక్కరే కడ్డీని వేలితో తాకి, కిచకిచమని నవ్వి, మళ్ళీ వెళ్ళి వరస చివర చేరేవాళ్ళు. "మామ్మా, ఇది చక్కిలిగిలి కడ్డీ. ఎవరికీ చెప్పకే" అని ఒక పిల్ల చెవిలో ఊదే దాకా ఆ ఆట సంగతి ఆమెకు తెలియలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఇక్కడ పిల్లులు పాతిక మంది, ఎలుక తనొక్కతే. వెంటనే నిచ్చెనకు అడ్డంగా తాడు కట్టేసింది. మర్నాడు మేనేజరు ఆ తాడు విప్పించాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడటం సులువుగా ఉండేది. మెత్తగా మాట్లాడతాడు, కుర్చీ వేసి కూర్చోబెడతాడు, మంచినీళ్ళు ఇప్పిస్తాడు. ఆమె మాట మీద మూడుసార్లు ఎలక్ట్రీషియన్లను పిలిపించాడు కూడా. ముగ్గురూ భోజనాలు చేసి, మందపాటి బూట్లు వేసుకుని, తీరిగ్గా మధ్యాహ్నం పూట వచ్చారు. పంపు గదిలో బోర్డు తెరిచారు, కడ్డీని తాకి చూశారు, మీటరు పెట్టి చూశారు. ఏమీ లేదన్నారు. మూడోవాడు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఒక వదులు స్క్రూ బిగించి, అదేదో ఘనకార్యమైనట్టు చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, మీకు సుగరుంది కదా," అన్నాడు మేనేజరు. "అరికాళ్ళలో తిమ్మిర్లు వస్తున్నాయని డాక్టరు చెప్పారని మీరే అన్నారు. అరచేతుల్లో కూడా రావచ్చు కదమ్మా?"

"తిమ్మిరికీ కరెంటుకీ తేడా తెలియదటయ్యా నాకు? ఎలక్ట్రీషియన్ పెళ్ళాన్ని నేను."

"పిల్లల తల్లులు భయపడుతున్నారు. మీరు రోజూ ఇలా అంటుంటే ఎవరూ పిల్లల్ని పంపరు. పోనీ కొన్నాళ్ళు ఇంట్లో ఉండి..."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆమెకు తెలుసు. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఒకసారి ఇంటికి పంపిస్తే మళ్ళీ పిలిచేవాళ్ళు ఉండరు. ఆమెకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కరెంటు నిజమైతే పిల్లల ప్రాణాల మీదికి వస్తుంది. అబద్ధమైతే తన చేతులే తనను మోసం చేస్తున్నట్టు. నీళ్ళలో బతికిన మనిషికి ఆ చేతులు తప్ప ఇంకేం ఉన్నాయి?

"మా మరిదిని తీసుకొస్తాను," అంది లేస్తూ. "నలభై ఏళ్ళు ఈ పనే చేశాడు. అతను కూడా లేదంటే నేనే మానేస్తాను. మీరు చెప్పనక్కర్లేదు."

మరిది పేరు చెప్పిందే గాని, అతను వస్తాడన్న నమ్మకం ఆమెకు లేదు. అన్నగారు పోయిన ఈ ఏడేళ్ళలో అతను పూల్ గేటు దాటలేదు. ఎప్పుడు అడిగినా మోకాళ్ళ నొప్పి అనేవాడు. ఆ నొప్పి బజారుకు వెళ్ళడానికి అడ్డం రాదు, పేకాటకు అడ్డం రాదు, పూల్ దగ్గరికి రమ్మంటేనే వచ్చేది. పని అయిపోయాక అన్నగారు పంపు గది బయట బల్ల మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూసేవాడు. ఆ బల్ల ఖాళీగా ఉండటం మరిదికి చూడాలని లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మోకాళ్ళ మీదే నెట్టేసేవాళ్ళు.

ఈసారి మాత్రం ఫోనులో ఆమె గొంతు విని అతను మోకాళ్ళ ఊసు ఎత్తలేదు.

"తెల్లారేసరికి రా," అంది. "పిల్లలు రాకముందే." అతను కూడా లేదంటే ఆ మాట ఇంకెవరి చెవినా పడకూడదని ఆమె ఉద్దేశం.

పాతబడిన తోలు సంచీ భుజాన వేసుకుని, అరవై నాలుగేళ్ళ మరిది చీకటి విడుతుండగానే వచ్చాడు. బల్ల వైపు చూడకుండా తిన్నగా పంపు గదిలోకి వెళ్ళి బోర్డు తలుపు తీశాడు. లోపల తీగలన్నీ దువ్వి వేసిన జడల్లా వరసగా ఉన్నాయి. కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు.

"అన్నయ్య చేతి పని," అన్నాడు. "ఇన్నేళ్ళయినా ఒక్క తీగ పక్కకు జరగలేదు చూడు."

"తీగలు మీ అన్నయ్య మాట వినేవి. నువ్వే వినేవాడివి కాదు."

"నిన్ను పెళ్ళి చేసుకోమని మాత్రం నేనేం చెప్పలేదు వదినా. అది ఆయన సొంత తెలివే."

ఆమె ఫక్కున నవ్వింది. ఏడేళ్ళ తరవాత ఆ గదిలో ఆ మాటల తీరు వినబడటం ఆమెకు ఎంతో హాయిగా ఉంది. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఇక్కడే పానాలు, స్క్రూడ్రైవర్లు పరుచుకుని కూర్చుంటే, తడి జుట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ ఆటపట్టించేది. ఈత రాని మరిదిని ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళలోకి తోసేస్తానని బెదిరించేది. అతను నిజంగానే భయపడి గోడ వెంట నడిచేవాడు. అది చూసి అన్నగారు నవ్వేవాడు. ఆయన నవ్వు గట్టిగా ఉండేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

మరిది పనిలోకి దిగాడు. బోర్డులో ఎర్తు తీగకు మీటరు ఒక కొస తగిలించాడు. పొడవాటి తీగ లాక్కుంటూ వచ్చి రెండో కొస నిచ్చెన కడ్డీకి పెట్టాడు. కళ్ళజోడు పైకి తోసి అంకెలు చూశాడు. చోటు మార్చి మళ్ళీ పెట్టాడు. రెండో నిచ్చెనకు కూడా పెట్టి చూశాడు.

"సున్నా వదినా."

"సరిగ్గా చూడు."

"మూడుసార్లు చూశాను." తల ఎత్తకుండా తీగ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి చుట్టి, నెమ్మదిగా అడిగాడు. "డాక్టరు ఏమన్నాడు అసలు?"

ఆ ఒక్క మాట ఆమెను కూల్చేసింది. మేనేజరు అన్నప్పుడు కోపం వచ్చింది, ఎలక్ట్రీషియన్లు అన్నప్పుడు తిట్టుకుంది. ఇతను కూడా అనేసరికి ఇంకేమీ మిగల్లేదు. గట్టు మీద అలాగే కూలబడి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంది. నీళ్ళు చల్లగా, నున్నగా, ఎప్పటిలాగే ఉన్నాయి. ఇంక సామాను సర్దుకోవాలి, టవళ్ళు, విజిలు, పిల్లల రబ్బరు పలకలు. ఎవరికి ఏది ఇవ్వాలా అని కూడా ఆలోచన మొదలైంది.

అతను పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె కళ్ళ ముందు అతని బూట్లు ఉన్నాయి. అంగుళం మందం రబ్బరు అడుగు, బిగించి కట్టిన లేసులు. ముగ్గురు ఎలక్ట్రీషియన్లవీ ఇలాంటివే. ఆమె ఆ బూట్లను చూసింది, తన తడికాళ్ళను చూసుకుంది.

"బూట్లు విప్పు," అంది.

"ఏంటీ?"

"బూట్లు విప్పి, కాళ్ళు తడిపి, నేను నిలబడే చోట నిలబడి కడ్డీ పట్టుకో."

"విప్పను. పనిలో చేరిన మొదటి రోజే అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు. పని చోట బూట్లు విప్పితే చెయ్యి నరికేస్తానన్నాడు."

"ఆ ఒట్టు నిన్ను కరెంటు కొట్టకుండా వేయించాడు. అందుకే నీకు కొట్టట్లేదు. ఇక్కడ పిల్లలు బూట్లు వేసుకుని ఈత కొడతారటయ్యా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి అతను. అలాంటివాడు బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక క్షణం తటపటాయించి, ఆ బల్ల మీదే కూర్చుని లేసులు విప్పుకున్నాడు. మేజోళ్ళలోంచి బయటపడ్డ పాదాలు ఎండ ఎరగక తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "పెళ్ళికూతురి పాదాల్లా ఉన్నాయే," అంది ఆమె, అంత బాధలోనూ. అతను మూలుగుతూ వచ్చి, తడి నేల మీద నిలబడి, పనివాళ్ళ అలవాటు ప్రకారం ముందు చేతి వెనక భాగంతో కడ్డీని తాకాడు.

"అమ్మ నాయనో!"

ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. ఇంకొక్క గెంతు గెంతితే నీళ్ళలో పడేవాడే. ఆమె చొక్కా పట్టుకుని ఆపింది. అతను తేరుకుని మళ్ళీ తాకాడు. మళ్ళీ చెయ్యి లాక్కున్నాడు. ఈసారి ఆమె వైపు తిరిగేసరికి అతని మొహం చిన్నబోయి ఉంది.

"తప్పయిపోయింది వదినా."

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. కరెంటు కొడుతోందని తేలితే ఇంత సంతోషించిన మనిషి లోకంలో ఇంకొకరు ఉండరు.

"మరి నీ మీటరు సున్నా అంటుందేం?"

"మీటరు తప్పు కాదు, నాది తప్పు. కడ్డీకీ బోర్డుకీ మధ్య కొలిచాను. ఆ రెండూ ఒకే ఎర్తు తీగకు కట్టినవి. ఒకదాన్లో కరెంటు లేస్తే రెండోదాన్లోనూ అంతే లేస్తుంది. ఒక దొంగ గురించి వాడి తోడుదొంగనే సాక్ష్యం అడిగినట్టయింది. నువ్వు నిలబడింది నేల మీద. అక్కణ్ణించి కొలవాలి."

ఆమె స్టీలు టిఫిన్ డబ్బా మూత అడిగి తీసుకున్నాడు. తడి టవలు నేల మీద పరిచి, దాని మీద మూత బోర్లించి, పైన ఇటుక బరువు పెట్టాడు. మీటరు ఒక కొస మూతకు, ఒక కొస కడ్డీకి పెట్టాడు. ఏడున్నర వోల్టులు. వెళ్ళి పంపు కట్టేసి వచ్చాడు, ఏడున్నరే. నీళ్ళ అడుగున లైట్లు కట్టేశాడు, అంతే. ఆఖరికి మెయిన్ స్విచ్ దించేశాడు. పూల్ మొత్తం మూగబోయింది. మీటరులో ఎనిమిది.

"అన్నీ కట్టేశాక పెరుగుతుందేంటయ్యా?"

"దొంగ ఇంట్లో లేడు వదినా, వీధిలోంచి వస్తున్నాడు. అందరి ఇళ్ళలో వాడిన కరెంటు తిరిగి వెళ్ళే తీగ ఒకటి ఉంటుంది, న్యూట్రల్. ఎక్కడో స్తంభం మీద దాని అతుకు వదులై ఉంటుంది. పోవాల్సిన దారి సరిగా లేక, ఎర్తు తీగ పట్టుకుని ఇలా కడ్డీలోకి వస్తోంది. పొద్దున్నే ఊరంతా నీళ్ళు వేడి చేసుకుంటారు. అందుకే పొద్దున ఎక్కువ."

మాట్లాడుతుండగానే తెల్లగా తెల్లారింది. అంకె ఆరుకు దిగింది, అయిదుకు దిగింది. భోజనాలు చేసి వచ్చిన ఆ ముగ్గురు బూట్లు విప్పినా పెద్దగా తెలిసేది కాదేమో.

అతను మాత్రం ఇంకా తృప్తిపడలేదు. గట్టు చుట్టూ ఆ తెల్లటి పాదాలతోనే నడుస్తూ నేల వైపు చూస్తున్నాడు. "అయినా కొట్టకూడదే," అని గొణుక్కున్నాడు. "ఎంత కరెంటు వచ్చినా ఇక్కడ కొట్టకూడదు... ఈ నేల ఎప్పుడు మార్చారు?"

"నాలుగు నెలలయింది." ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ధ్వనించింది. "నేనే మార్పించాను. పాతది గరుకు సిమెంటు కదా, పిల్లల మోకాళ్ళు చెక్కుకుపోయేవి. రెండేళ్ళు ఉత్తరాలు రాసి, తల్లుల చేత సంతకాలు పెట్టించి సాధించాను."

"తవ్వినప్పుడు కింద రాగితీగ కనబడిందా? గళ్ళు గళ్ళుగా?"

కనబడింది. పచ్చబడిపోయిన తీగ, సిమెంటు పెళ్ళలతో పాటు పైకి లేచింది. కూలీలు చుట్టచుట్టి బండిలో వేస్తుంటే, "తొందరగా తీసుకుపోండయ్యా, పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటుంది" అని కేకలేసింది తనే.

మరిది బల్ల మీద కూర్చున్నాడు. ఆమెను కూడా కూర్చోమన్నాడు.

"ఈ పూల్ కట్టినప్పుడు," అన్నాడు, "నేల పోసే ముందు అన్నయ్యా నేనూ మూడు రోజులు ఇక్కడ గొంతుక్కూర్చుని ఆ తీగ పరిచాం. మూరకో ముడి. నిచ్చెనలకు కట్టాం, నీళ్ళ లైట్లకు కట్టాం. అన్నీ ఒకటిగా కట్టేస్తే, కరెంటు వచ్చినా కడ్డీ, నేల, నీళ్ళు కలిసి లేస్తాయి. మధ్యలో మనిషికి తేడా తెలియదు. తేడా ఉంటేనే కదా కొట్టేది."

మూడు రోజులు. ఆమెకు ఆ మూడు రోజులు బాగా గుర్తున్నాయి. పెళ్ళయిన ఏడాది. చెల్లెలి పెళ్ళికి ఇద్దరూ కలిసి వెళ్ళాలి. ఆయన "పనుంది, నువ్వు వెళ్ళు" అన్నాడు. ఆమె ఒక్కతే వెళ్ళి, మీ ఆయన ఏడీ అని అడిగిన ప్రతివాళ్ళకూ సమాధానం చెప్పుకుని, తిరిగొచ్చి నెల రోజులు మాట్లాడలేదు. ఆ తరవాత ఏ చిన్న గొడవ వచ్చినా ఆ పెళ్ళి తీసేది. ఆయన పోయే ముందటి ఏడాది కూడా ఒకసారి తీసింది. ఆయన భుజాలు కదిలేలా నవ్వి ఊరుకున్నాడు.

"పెళ్ళికి కూడా రాకుండా చేయాల్సిన పనా అది?" అంది.

"అసలు చేయమని ఎవరూ చెప్పలేదు వదినా. ప్లానులో లేదు. ఇంజనీరు నవ్వాడు, చేపలు పడతావా అని. నాలుగో రోజుకు సిమెంటు బండ్లు వచ్చేస్తాయి, ఆలోగా పరవాలి, లేకపోతే మళ్ళీ కుదరదు. అన్నయ్య ఇంజనీరుతో ఒకటే అన్నాడు. మా ఆవిడ ఇక్కడ ఉత్త కాళ్ళతో తిరుగుతుంది సార్, అన్నాడు."

ఆమె వంగి తన కాళ్ళ కింది నేలను అరచేత్తో తడిమింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగాను. చెబితే కాలు పెట్టిన ప్రతిసారీ కింద కరెంటు ఉందేమో అనుకుంటుందిరా, దానికి నీళ్ళంటే భయం పట్టుకోకూడదు, అన్నాడు. నన్నూ చెప్పొద్దన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. ఇదొక్కటే దాచాను."

మేనేజరు వచ్చేసరికి ఎండ గట్టు మీదికి వచ్చింది, మీటరులో మూడు వోల్టులే ఉన్నాయి. అయినా మరిది వదల్లేదు. మెత్తగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, బూట్లు విప్పించాడు. మర్నాడు తెల్లారగానే రప్పించి మళ్ళీ విప్పించాడు. ఆ రెండోసారి మేనేజరు చేతిలో తాళాల గుత్తి నీళ్ళలో పడింది. దాన్ని తీసుకురావడానికి నీళ్ళ మామ్మే మునగాల్సి వచ్చింది.

పూల్ పన్నెండు రోజులు మూసేశారు. గట్టు పొడవునా కొత్త నేలలో సన్నటి గాడులు కోశారు. మరిది రాగితీగ పరిచాడు, ఆమె ముడులు వేసింది. పనివాళ్ళను పెట్టుకుందామంటే వినలేదు. మోకాళ్ళు పట్టేసేవి, నడుము పట్టేసేది, సాయంత్రానికి వేళ్ళు పచ్చిపుండ్లయ్యేవి. "ఆయన కూడా ఇలాగే వేశాడా?" అని ప్రతి ముడికీ అడిగేది. "ఇంకొంచెం బిగించేవాడు," అనేవాడు మరిది. ఆమె ఇంకొంచెం బిగించేది. చెల్లెలికి ఫోన్ చేసి, నీ పెళ్ళికి మీ బావ ఎందుకు రాలేదో తెలుసా అని మొదలుపెట్టి, చెప్పలేక పెట్టేసింది.

గాడులు పూడ్చిన తరవాత, పదమూడో రోజు తెల్లారగానే ఇద్దరూ వచ్చారు. కరెంటాఫీసు వాళ్ళు స్తంభం ఎక్కుతామన్నారు గాని ఇంకా ఎక్కలేదు. వీధిలో కరెంటు అలాగే ఉంది. ఊరంతా నీళ్ళు కాచుకునే వేళ. మరిది మీటరు బయటికి తీయబోతే ఆమె వద్దంది. నీళ్ళలోకి దిగి, తల ముంచి, పైకి వచ్చి, తడికాళ్ళతో కొత్త నేల మీద నిలబడి, రెండు చేతులతో కడ్డీని గట్టిగా పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

మరిది కాసేపు చూశాడు. తరవాత భయం వేసింది.

"ఇంకా కొడుతోందా వదినా?"

"లేదయ్యా."

"మరి ఏడుస్తావేం?"

"కొట్టట్లేదనే."